అరవై నాలుగు పాఠాల సన్మానం

ఆ గురువారం ఉదయం మరిహోత్ నైంగోలన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి ల్యాప్‌టాప్ తెరిచి అరవై నాలుగో పాఠం మీద నొక్కాలి. అది తన మానాన తాను చెప్పుకుంటూ ఉంటే గడ్డం, స్నానం ముగించుకోవాలి. చొక్కా గుండీలు పెట్టుకునే వేళకి పాఠం అయిపోయి పక్కన పచ్చ టిక్కు పడుతుంది. అంతటితో కోర్సు పూర్తి. ఇక మిగిలేది శనివారం మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. దాని సంగతి శనివారం చూసుకోవచ్చు.

మెదాన్‌లో ఎస్.ఎం. రాజా రోడ్డు మీద ఉన్న సోపో బస్సుల కంపెనీలో సర్వర్ గదికి అతనే పెద్ద. పెద్ద అయిన తీరు మాత్రం వేరు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పదిహేడో ఏట ఆ కంపెనీలోనే బస్సుల ఏసీలు బాగుచేసే పనిలో చేరాడు. పదకొండేళ్ళ కిందట టికెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు సర్వర్ అనే నల్ల బీరువా ఒకటి వచ్చింది. అది చల్లగా ఉండాలన్నారు. గదికి ఏసీ బిగించింది మరిహోత్. బిగించి బయటికి రాబోతుంటే అప్పటి యజమాని, "నువ్వు దీని దగ్గరే ఉండిపో" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. అది అప్పటినుంచీ అతని మొలకే వేలాడుతోంది.

సర్వర్ గురించి అతనికి తెలిసింది ఒక్కటే. ఆగిపోతే స్విచ్ ఆపాలి, ముప్పై లెక్కపెట్టాలి, మళ్ళీ వెయ్యాలి. పదకొండేళ్ళలో అది పనిచెయ్యని రోజు లేదు. కాకపోతే నిమిషంలో బయటికి వస్తే విలువ ఉండదని, తలుపు వేసుకుని ఇరవై నిమిషాలు లోపలే కూర్చుని, నుదురు తుడుచుకుంటూ వచ్చేవాడు. టికెట్ల గుమాస్తాలు లేచి దారి ఇచ్చేవారు. ఆ దారిలో నడిచేటప్పుడు అతనికి ప్రతిసారీ కొంచెం సిగ్గుగా ఉండేది. కొంచెం సిగ్గుకి మనిషి తొందరగానే అలవాటు పడతాడు.

మూడు నెలల కిందట పెద్దాయన తప్పుకుని కూతురు దమేరియా కుర్చీలోకి వచ్చింది. బాందుంగ్‌లో చదువుకున్న మనిషి. వచ్చిన వారంలోనే జకార్తా కంపెనీ ఏదో అమ్మే కోర్సు కొనేసింది. సర్వర్లు నడపడం ఎలాగో అరవై నాలుగు వీడియో పాఠాలు, ఎవరి వేగంతో వాళ్ళు ఇంట్లోనే నేర్చుకోవచ్చు, గడువు మూడు నెలలు. ముందుగా తానే పేరు రాయించుకుని, పది రోజుల్లో అరవై నాలుగు టిక్కులు వేయించుకుని, గోడకి అతికించింది. ఆ తర్వాత మరిహోత్‌ని పిలిచి, చాలా మర్యాదగా, పరీక్షలో డెబ్భై మార్కులు వస్తే గది ఆయనదేననీ, రాకపోతే సర్వర్ పని బయటి కంపెనీకి అప్పగించి, ఆయనకి పార్సిళ్ళ షెడ్డులో చోటు చూస్తాననీ చెప్పింది.

మొదటి పాఠం మరిహోత్ నిజాయితీగానే మొదలుపెట్టాడు. తెర మీద కళ్ళజోడు కుర్రాడొకడు జకార్తా యాసలో గడగడా మాట్లాడాడు. నాలుగు నిమిషాలయ్యేసరికి మరిహోత్‌కి ఎనిమిదో తరగతి గది, లెక్కల మాస్టారి బెత్తం, తన పేరు పిలిచినప్పుడు క్లాసంతా వెనక్కి తిరిగి చూసిన చూపు, వరసగా గుర్తుకొచ్చాయి. లేచి, కింద కూర్చుని కుడుములు చుడుతున్న భార్యని దాటుకుని మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పాఠం దానంతట అదే అయిపోయి, పక్కన పచ్చ టిక్కు ఉంది. అతను ఆ కోర్సు మొత్తంలో నేర్చుకున్నది ఆ ఒక్కటే. పాఠానికి మనిషి అక్కర్లేదు.

ఒక్క చిక్కు ఉంది. మొదటి పాఠం చిన్నది గానీ, మిగతావాటిలో పది నిమిషాలకోసారి తెర మీద ఒక పెట్టె తెరుచుకుని "ఇంకా ఉన్నారా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అని నొక్కకపోతే పాఠం మొదటికొస్తుంది. దానికి ఇంట్లోనే ఉపాయం దొరికింది. అతని భార్య లామ్రియా రోజూ సాయంత్రం ముందుగదిలో కింద కూర్చుని, బియ్యప్పిండిలో కొబ్బరి, తాటిబెల్లం పెట్టి అరటాకుల్లో కుడుములు చుట్టేది. తెల్లారి వాటిని బస్టాండులో అమ్మేది. ల్యాప్‌టాప్ ఆమె ఎదురుగా స్టూలు మీద పెట్టి, ఎడమ చెవి రుద్దుకుంటూ, "కాస్త విన్నాక చల్లగాలిలో నడుస్తూ ఆలోచించుకుంటే గానీ బుర్రకెక్కదు. అది అడిగినప్పుడు నొక్కుతూ ఉండు" అని చెప్పి బయటపడేవాడు. చల్లగాలి అంటే సందు చివర లాపో. అక్కడ కల్లు ఉంటుంది, గిటారు ఉంటుంది, టికెట్ల గుమాస్తా బిస్తోక్ ఉంటాడు.

లామ్రియా చేతులు కొబ్బరితో జిడ్డుగా ఉండేవి. అందుకని కర్రగరిటె కాడతో నొక్కేది. పాఠం మొదటికి వస్తుందేమోనన్న భయంతో పొయ్యి దగ్గరికి వెళ్ళినా మెడ తిప్పి తెరనే చూస్తుండేది. పక్కింటి పిల్లలు గోల చేస్తే కసిరేది. తను ఎప్పుడూ పాడుకునే చర్చి పాటలు ఆ మూడు నెలలూ కట్టిపెట్టింది. సియంతార్‌లో నర్సింగ్ చదువుతున్న కూతురు తియోకి ఫోన్ చేసినప్పుడల్లా, నలభై తొమ్మిదేళ్ళ వయసులో మీ నాన్న ఎలా చదువుతున్నారో చూసి నేర్చుకో అనేది. ఒకటి రెండుసార్లు అతన్ని కూడా ఏదో అడగబోయింది.

"ఆ అబ్బాయి ఇవాళ డిస్కు నిండిపోతే ముందు పాత చిట్టాలు చూడమన్నాడు. చిట్టాలంటే మన టికెట్లవేనా?"

"అది నీకు అర్థం కాదులే" అన్నాడు మరిహోత్. అతనికీ అర్థం కాలేదు.

ఇక ఆ గురువారం ఉదయం. మరిహోత్ ఒంటికి సబ్బు రాసుకుని ఉండగా, ముందుగదిలో, నొక్కడం కోసం ఆ పూట బస్టాండుకి వెళ్ళడం మానుకున్న లామ్రియా ఎదుట, అరవై నాలుగో పాఠం ముగిసింది. ముగియగానే తెర మీద బంగారు అంచుతో, కింద ఎర్రటి ముద్రతో ఒక కాగితం బొమ్మ వచ్చింది. మధ్యలో పెద్ద అక్షరాలతో మరిహోత్ నైంగోలన్ అని ఉంది. మిగతాదంతా ఇంగ్లీషు. పాఠాలు స్వదేశీ భాషలోనే చెప్పినా, గోడకి తగిలించేవి ఇంగ్లీషులో ఉంటేనే జనానికి నచ్చుతుందని ఆ కంపెనీవాళ్ళకి తెలుసు. ఆ ఇంగ్లీషులో రాసి ఉన్నది ఇంతే: పై వ్యక్తి అన్ని పాఠాలకూ హాజరైనాడు.

లామ్రియాకి ఇంగ్లీషు రాదు. ఆమెకి తెలిసిందల్లా ఇరవై నాలుగేళ్ళుగా తన పుట్టింటి సిహొంబింగ్‌ల పెళ్ళి కార్డుల మీద చూస్తున్నది. ఆ కార్డుల మీద ఎవరి పేరు చూసినా వెనక రెండు మూడు డిగ్రీ అక్షరాలు లేకుండా ఉండదు. అల్లుళ్ళ వరసలో మరిహోత్ పేరొక్కటే, చొక్కా లేకుండా పెళ్ళికి వచ్చినవాడిలా, ఒట్టిగా నిలబడి ఉంటుంది. ఆమె చెయ్యి తుడుచుకుని ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసింది. కాగితం పైమూల కోర్సు నంబరు తాలూకు మూడు అక్షరాలుంటే, వాటిని జాగ్రత్తగా భర్త పేరు వెనక చేర్చి, పుట్టింటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

చెవిలో సబ్బుతో మరిహోత్ బయటికి వచ్చేసరికి ముప్పై ఏడు అభినందనలు వచ్చి ఉన్నాయి. ముప్పై ఎనిమిదోది లామ్రియా పెద్దన్న జకోబస్‌ది. ఆయన సిబొరొంగ్‌బొరొంగ్‌లో హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. మెదాన్‌లో చుట్టరికం లేని మగవాళ్ళు కూడా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ లెక్కన ఊరందరికీ బావ అయిన మరిహోత్‌ని, అసలు బావ మాత్రం ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ అలా పిలవలేదు. "మా చెల్లెలి ఆయన" అనేవాడు. ఇప్పుడు ఆయనే నేరుగా ఫోన్ చేశాడు.

"బావగారూ, మా కళ్ళు చల్లబడ్డాయి. శనివారం పొద్దున నేనే మీ ఆఫీసుకి వస్తున్నా. ఉలోస్ కప్పుతాను."

ఉలోస్ అంటే వాళ్ళ జాతి నేత శాలువా. పుట్టింటివాళ్ళు వచ్చి అల్లుడి భుజాన కప్పితే ఆ గౌరవానికి మించింది లేదు. మరిహోత్ నోరు తెరిచాడు. అది హాజరు కాగితమేననీ, పరీక్ష ఇంకా కాలేదనీ చెప్పడానికి అదే సమయం. ఎదురుగా లామ్రియా అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెళ్ళిలో కూడా ఆమె ముఖం అంత వెలిగిపోలేదు.

"కాలర్ దగ్గర ఇంకాస్త నొక్కు" అన్నాడు.

సరే, శనివారం రెండింటికి పరీక్ష ఉంది కదా, ఎలాగో గట్టెక్కితే అబద్ధం మధ్యాహ్నానికల్లా నిజమైపోతుంది, పొద్దున ఒక్క పూట ఓర్చుకుంటే చాలు అని సర్దిచెప్పుకున్నాడు. శుక్రవారమంతా కూర్చుని అరవై నాలుగు పాఠాలూ వినేద్దామనుకున్నాడు. అయితే శుక్రవారం ఉదయానికే విషయం అతని చేతిలో లేదు.

సిహొంబింగ్‌ల సంఘం, బస్సుల ఆఫీసు ముందు పెట్టడానికి, అతని పేరుతో అభినందనల పూల బోర్డు పంపుతోందని తెలిసింది. తలుపుకంటే పెద్దది, కాగితప్పూలతో, థర్మోకోల్ అక్షరాలతో. భార్యవైపువాళ్ళు పంపాక సొంత ఇంటిపేరువాళ్ళు ఊరుకుంటే పరువు ఉండదు కనుక నైంగోలన్‌ల సంఘం రెండు పంపింది. అది విని దమేరియా, కంపెనీ తరఫున ఒకటి లేకపోతే జనం ఏమనుకుంటారని ఇంకొకటి పురమాయించింది. కంపెనీ పెట్టాక టైర్ల దుకాణం పెట్టింది. టైర్లవాడు పెట్టాక డీజిల్‌వాడు పెట్టక తప్పలేదు. పోటీ బస్సు కంపెనీలు, కుళ్ళుకున్నారన్న మాట రాకుండా, తలా ఒకటి పంపాయి. పార్కింగు రుసుము వసూలు చేసేవాళ్ళ సంఘం కూడా ఒకటి పంపింది. మెదాన్‌లో ఎవరూ మనకోసం బోర్డు పంపరు. పక్కవాడు పంపాడని పంపుతారు.

"నాకు పిచ్చెక్కుతోంది" అన్నాడు మరిహోత్, బిస్తోక్‌తో.

"దేనికి బావా? లాపోలో కూర్చుని డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు. నీకు పెట్టకపోతే బోర్డు ఎవరికి పెడతారు?"

అదే రోజు దమేరియా అతన్ని పిలిచి, బయటి కంపెనీతో సోమవారం జరగాల్సిన సంతకాలు ఆపించేశానని చెప్పింది. పరీక్ష లాంఛనమే కదా అంది. అతను చెవి రుద్దుకుంటూ అంతే కదా మేడమ్ అన్నాడు. సాయంత్రం ఇంటికి వెళితే ముందుగది నిండా చుట్టాలు. ల్యాప్‌టాప్ మీద ఎవరిదో చంటిపిల్ల పక్కబట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక్క పాఠం కూడా వినలేదు.

శనివారం ఉదయానికి బోర్డులు ముప్పై ఒకటి అయ్యాయి. ఆఫీసు ముందు పదిహేడు పట్టాయి. ఆ తర్వాత బస్సులు తిరగడానికి చోటు లేకపోవడంతో, పూల కొట్టు మనుషులు మిగిలిన పద్నాలుగింటినీ పక్క సందులోకి మోసుకెళ్ళి గోడకి ఆనించారు. గాలికి పడిపోతే కొట్టుకి చెడ్డపేరని, మూడు వరసలుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, ఇనుప ఊచలకి తాళ్ళతో బిగించి కట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ముందువైపు ఫోటోలు దిగుతున్నారు.

పదింటికి టికెట్ల హాల్లో సన్మానం మొదలైంది. శనివారం కదా, తోబా సరస్సు వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళతో హాలు కిటకిటలాడుతోంది. జకోబస్ సూటు వేసుకుని, ఉలోస్‌ని రెండు చేతుల మీద పెట్టుకుని లోపలికి వచ్చాడు. ముందు అరగంట మాట్లాడాడు. తమ కుటుంబంలో డాక్టర్లున్నారు, వకీళ్ళున్నారు, ఒక కల్నల్ కూడా ఉన్నాడు, సర్వర్ తెలిసిన అల్లుడు మాత్రం ఈయనొక్కడే అన్నాడు. తర్వాత ఉలోస్ విప్పి మరిహోత్ భుజాల చుట్టూ కప్పాడు. ఆనవాయితీ ప్రకారం లామ్రియా పళ్ళెంలో వండిన చేపని తలవైపు భర్తకి తిప్పి అందించింది. టికెట్టు కోసం వచ్చిన ముసలామె ఒకావిడ, ఎవరో తెలియకపోయినా, కళ్ళు ఒత్తుకుంది. మరిహోత్ చూపు నేలనుంచి లేవలేదు. దాన్ని కూడా అందరూ మెచ్చుకున్నారు.

పదీ నలభైకి టికెట్ల తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి.

ఎనిమిది బస్సులు నిండి ఉన్నాయి. ఎవరి సీటు ఏదో ఎవరికీ తెలియదు. జనం కేకలు మొదలుపెట్టారు. దమేరియా మాత్రం నవ్వుతూనే ఉంది. ఇంత మంచి సమయంలో ఆగిపోయినందుకు సర్వర్‌ని మెచ్చుకుంటున్నట్టుగా, "మరిహోత్ గారూ" అని గదివైపు చెయ్యి చూపించింది. జనం దారి ఇచ్చారు. ఎప్పటిలా తలుపు వేసుకుందామని చూస్తే, జకోబస్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ విద్య ఏమిటో కళ్ళారా చూస్తానన్నాడు. ఆయన వెనక దమేరియా, లామ్రియా, బిస్తోక్, ఫోన్లు ఎత్తిపట్టిన ఓ ఇరవై మంది.

మరిహోత్ స్విచ్ ఆపాడు. అందరి ఎదుటా మనసులో ముప్పై లెక్కపెట్టాడు. వేశాడు. దీపాలు వెలిగాయి. హాల్లో చప్పట్లు కొట్టారు. నాలుగు నిమిషాలకి మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ ఆపాడు, ఈసారి అరవై లెక్కపెట్టాడు. మూడు నిమిషాలు నడిచింది. మూడోసారి నూటయాభై లెక్కపెడుతుండగా జకోబస్ పక్కవాళ్ళతో, "మనసులో ఏదో గుణిస్తున్నారు" అని గుసగుసగా చెప్పాడు. ఆ తర్వాత అది రెండు నిమిషాలు కూడా నడవలేదు.

గది పొయ్యిలా ఉంది. మందపాటి ఉలోస్ కింద తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కప్పినవాళ్ళు ఎదురుగా ఉండగా దాన్ని తీస్తే మహాపరాధం. చెమట కళ్ళలోకి దిగుతోంది. చెమటతో పాటు ఇంకేదో కూడా దిగుతోందని అతనికి తెలుస్తోంది. ముప్పై అయిదేళ్ళ కిందట క్లాసంతా వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పుడు గుమ్మంలో, ఫోన్లతో సహా, నిలబడి ఉంది.

"బావగారూ, నాకు తెలియదు" అన్నాడు. "ఆ పాఠాలు నేను వినలేదు. ఒక్కటి కూడా. ఇది హాజరు కాగితం. పరీక్ష ఇంకా రాయలేదు. నాకు వచ్చిందల్లా ముప్పై లెక్కపెట్టడం."

 జకోబస్ చిన్నగా నవ్వి, గుంపువైపు తిరిగాడు.

"చూశారా. నిజంగా చదువుకున్నవాడు ఇలాగే మాట్లాడతాడు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇంత వినయం చూడలేదు."

కొంతమంది మళ్ళీ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పినా కొనేవాడు లేకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మరిహోత్‌కి తోచలేదు. బిస్తోక్ వైపు చూశాడు. బిస్తోక్ పైకప్పు వైపు చూశాడు.

నమ్మింది ఒక్క లామ్రియానే. అబద్ధమాడేటప్పుడు ఈయన ఎడమ చెవి రుద్దుకుంటాడని ఆమెకి పెళ్ళైన నెలనుంచీ తెలుసు. ఇప్పుడు అతని రెండు చేతులూ ఒట్టిగా కిందికి వేలాడుతున్నాయి.

"మరి మూడు నెలలు నేను నొక్కింది ఎవరికి?" అంది.

అతను ఉలోస్ అంచు సర్దుకున్నాడు.

"తియో నాన్నా, లాపోకి వెళ్ళేవారా?"

చెయ్యి చెవిదాకా వెళ్ళి, ముట్టకుండా దిగిపోయింది. "వెళ్ళేవాణ్ణి."

లామ్రియా ఆ చేప పళ్ళెం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. దాన్ని బిస్తోక్ చేతిలో పెట్టింది. బయట ఎవరో పెళ్ళికి ఆలస్యమైపోతోందని కౌంటరు బల్ల గుద్దుతున్నారు. ఆమె సర్వర్‌ని కాసేపు చూసింది. తిట్టబోయే మనిషి మొహం కాదది. ఏదో గుర్తు తెచ్చుకుంటున్న మొహం.

"దానంతట అదే ఆగిపోయి, వేస్తే కాసేపు నడిచి మళ్ళీ ఆగిపోతే, ముందు వేడి చూడమన్నాడు ఆ అబ్బాయి. మొదటి పాఠంలోనే. లోపలి వేడి బయటికి పోయే దారి ఉందో లేదో చూడాలట. అది చూడకుండా స్విచ్ వేసి తీసి చెయ్యొద్దన్నాడు, మిషను పాడైపోతుందట."

 గోడ మీద తన అరవై నాలుగు టిక్కులు అతికించుకున్న దమేరియా కూడా ఆ మాట మొదటిసారి వింటున్నట్టే చూసింది. మరిహోత్ మాత్రం తలెత్తి ఏసీ కింద అరచెయ్యి పెట్టాడు. తిరుగుతోంది గానీ వేడిగాలి వస్తోంది. ఇరవై ఏళ్ళు ఏసీలు బాగుచేసినవాడికి అప్పటిదాకా ఏసీ గుర్తుకు రాలేదు. శాలువా కప్పుకున్నవాడికి అలాంటివి గుర్తుకు రావు.

జనాన్ని తోసుకుంటూ సందులోకి పరిగెత్తాడు. గోడ కనబడలేదు. గోడ ఉండాల్సిన చోట తన పేరే పద్నాలుగుసార్లు ఉంది. మూడు వరసల బోర్డుల వెనక ఎక్కడో ఏసీ బయటి యూనిట్ ఊపిరాడక మూలుగుతోంది. బోర్డుల మధ్య చెయ్యి పెడితే ఆవిరి తగిలింది. బిస్తోక్ దగ్గర పార్సిళ్ళ తాళ్ళు కోసే చాకు లాక్కుని, ఊచలకి కట్టిన మొదటి తాడు కోశాడు.

అన్నిటికన్నా ముందు పడింది సిహొంబింగ్‌ల సంఘంవారి బోర్డు. మురుగుకాలవలో బోర్లా పడింది. దాని మీద రెండోది, దాని మీద మూడోది. వెనకనుంచి జకోబస్ వద్దు వద్దని అరుస్తున్నాడు. మరిహోత్ ఆగలేదు. ఉలోస్ కొంగు తాడులో ఇరుక్కుంటే దాన్ని తీసి మెడ చుట్టూ బిగించుకుని, పద్నాలుగో బోర్డు దాకా కోసుకుంటూ పోయాడు. థర్మోకోల్ అక్షరాలు కాలవలో తేలుతూ పోయాయి. అతని పేరు వెనక చేర్చిన మూడు అక్షరాలు అన్నిటికన్నా ముందు పోయాయి.

అరగంటకి గది చల్లబడింది. సర్వర్ లేచింది, ఇక పడుకోలేదు. బస్సులు బయల్దేరాయి. వాటిలో మొదటిదాంట్లోనే జకోబస్ ఎక్కి కూర్చున్నాడు. సాగనంపడానికి వెళ్ళిన లామ్రియాతో, కిటికీలోంచి, "మీ ఆయనకి చెప్పు, ఉలోస్‌ని ఉతకకూడదు, నీడలో ఆరెయ్యాలి" అని మాత్రం అన్నాడు. బావగారు అన్న మాట వచ్చినదారినే సిబొరొంగ్‌బొరొంగ్‌కి వెళ్ళిపోయింది.

రెండింటికి దమేరియా పరీక్ష తన గదిలో, తన ఎదురుగానే పెట్టించింది. మరిహోత్ వద్దన్నాడు, షెడ్డుకే వెళ్తానన్నాడు. గడువు ఇవాళే, రాయండి అంది. మురుగు మరకల చొక్కాతో కూర్చున్నాడు. మొదటి ప్రశ్న మూడుసార్లు చదివాడు. నాలుగు జవాబులూ ఒక్కలాగే కనిపించాయి. పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ లామ్రియా, చెప్పకూడదని పెదవులు బిగబట్టుకుని, చివరికి ఊరుకోలేకపోయింది.

"రెండోది" అంది.

దమేరియా తలెత్తింది. "ఎందుకు రెండోది?"

లామ్రియా ఎందుకో చెప్పింది. చెప్పేటప్పుడు ఆ కళ్ళజోడు కుర్రాడి జకార్తా యాస కూడా కొంచెం వచ్చింది. మొదటిది ఎందుకు కాదో, మూడోది పాతకాలపు పద్ధతని ఆ అబ్బాయే ఎలా ఎగతాళి చేశాడో కూడా చెప్పింది. అరవై నాలుగు పాఠాలు, ఒక్కో పాఠానికి రెండు మూడుసార్లు తెరుచుకునే పెట్టె కోసం, తెర మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్న మనిషి ఆ కంపెనీ మొత్తంలో ఆమె ఒక్కతే.

"మరిహోత్ గారూ, మీరు లేవండి" అంది దమేరియా. "మీరు కూర్చోండి అక్కా. ఊరికే చూద్దాం."

ఎనభై ఒకటి వచ్చాయి.

ఆ మార్కులు మరిహోత్ పేరు మీద చెల్లవని దమేరియా అప్పుడే చెప్పేసింది. దమేరియా కోర్సులో కొత్తగా పేరు రాయిస్తే, వారం తిరిగాక లామ్రియా తన పేరు మీదే మళ్ళీ రాసింది. ఈసారి ఎనభై ఆరు. మరిహోత్ మొలకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టేటప్పుడు ముడి రాలేదు, పదకొండేళ్ళ ముడి. బిస్తోక్ చాకు మళ్ళీ కావలసివచ్చింది. కుడుముల వ్యాపారం ఉదయం ఎనిమిదింటిదాకే అన్న షరతు మీద ఆమె చేరింది. మరిహోత్‌కి పార్సిళ్ళ షెడ్డు, దాంతోపాటు ఆఫీసు ఏసీలన్నీ అప్పగించారు. జీతం అంతే. షెడ్డుకి వెళ్ళాలంటే టికెట్ల హాల్లోంచే వెళ్ళాలి. ఇప్పుడెవరూ లేచి దారి ఇవ్వరు. సిగ్గు మాత్రం అలాగే ఉంది, మునుపటికన్నా ఎక్కువగానే ఉంది గానీ, ఇది దాచుకోనక్కర్లేని సిగ్గు. నడవడం కాస్త తేలిక.

లామ్రియా పాసైనందుకు ఎవరూ బోర్డు పంపలేదు. ఒకరు పంపితే కదా ఇంకొకరు పంపడానికి. ఐదో రోజున మరిహోత్ పూల కొట్టుకి వెళ్ళి, అన్నిటికన్నా చిన్న సైజుది ఒకటి రాయించాడు. పంపినవాళ్ళ పేరు ఏమని పెట్టాలని కొట్టువాడు అడిగితే, చాలాసేపు ఆలోచించి, తియో నాన్న అని పెట్టించాడు. సొంతంగా మోసుకొచ్చి సందులో నిలబెట్టాడు, ఏసీ యూనిట్‌కి సరిగ్గా ఆరు అడుగుల దూరంలో. లామ్రియా బయటికి వచ్చి బోర్డు చూసింది. తర్వాత ఆరు అడుగులు ఉందో లేదో చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

షెడ్డుకీ సర్వర్ గదికీ మధ్య ఇప్పుడు ఒక పలచటి చెక్కగోడే అడ్డం. సాయంత్రం నాలుగు దాటాక, లాపో తెరిచే వేళకి, ఆ గోడ అవతలనుంచి పది నిమిషాలకోసారి గరిటె కాడతో తట్టిన చప్పుడు, "ఇంకా ఉన్నారా?" అన్న మాట వినిపిస్తాయి.

"ఉన్నాను" అంటాడు మరిహోత్, పార్సిళ్ళ మధ్యనుంచి. అతనికి బదులుగా నొక్కేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.